పద్మిని కారు ముందు చక్రానికి కొత్త డస్ట్ క్యాప్ కూర్చోవట్లేదు, ఏం చేయాలి?

నాది 1985 ప్రీమియర్ పద్మిని. ముందు చక్రాల బేరింగులకు గ్రీజు మార్చేటప్పుడు పాత డస్ట్ క్యాపులు (బేరింగ్‌లోకి దుమ్ము, నీళ్లు పోకుండా చక్రం మధ్యలోని హబ్ చివర కొట్టి బిగించే రేకు మూతలు) రెండూ సొట్టపడి ఉన్నాయని, విజయవాడ ఆటోనగర్‌లో కొత్త జత కొన్నాను. కుడివైపుది చెక్కముక్క అడ్డం పెట్టి నాలుగు దెబ్బలు కొడితే చక్కగా కూర్చుంది. ఎడమవైపుతోనే ఇబ్బంది.

ఒక అంచు లోపలికి వెళ్తుంటే ఎదుటి అంచు పైకి లేస్తోంది. వెర్నియర్‌తో కొలిస్తే క్యాప్ అంచు హబ్ రంధ్రం కన్నా 0.6 మి.మీ. పెద్దగా ఉంది. కుడివైపు ఈ తేడా 0.2 మాత్రమే. హబ్ అంచు మీది తుప్పు, పాత ఉలి గాట్ల దగ్గర పైకి లేచిన లోహపు మొనలు ఎమెరీ పేపర్‌తో తీసేశాను. క్యాప్‌ను రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి చూశాను, తేడా లేదు. అంచుకు సరిపోయే పైపు ముక్క పెట్టి రబ్బరు సుత్తితో కొట్టినా పక్కకే ఒరుగుతోంది. ఇంకా గట్టిగా కొడితే రేకు నలుగుతుందని ఆపేశాను. క్యాప్ లోపలున్న నట్టుకు గానీ, అది తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్‌కు గానీ తగలడం లేదు, అది చూసుకున్నాను.

పాత క్యాప్ తీసేటప్పుడు పూర్తిగా చిరిగిపోయింది, మళ్లీ పెట్టే వీల్లేదు. వానాకాలం, బురద. బేరింగ్‌లోకి నీళ్లు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది, బండి బయటకు తీయట్లేదు.

ఎడమ క్యాప్ అంచును చుట్టూ సమంగా అరగదీసి తేడాను 0.2 మి.మీ.కి తెస్తే గట్టిగా నిలుస్తుందా, లేక నడుస్తుండగా ఊడిపోతుందా?