35 ఏళ్ళు ఏఎన్ఎంగా చేసిన అమ్మమ్మ మీద సంవత్సరీకానికి చిన్న పుస్తకం: వివరాలు ఎలా రాబట్టాలి?

మాఘపున్నమి (ప్రశ్న)

అమ్మమ్మ సంవత్సరీకం ఇంకా ఏడు నెలలుంది. ఆ రోజు బంధువులకీ, ఆవిడ పనిచేసిన ఊళ్ళవాళ్ళకీ పంచేలా 16 పేజీల పుస్తకం వేద్దామని ఇంట్లో అనుకున్నాం. 1968లో ఏఎన్ఎంగా (ఊళ్ళలో తిరిగి కాన్పులు, టీకాలు చూసే ప్రభుత్వ నర్సుగా) చేరి 2003లో రిటైరయ్యారు. చేతిలో ఉన్నవి పింఛను కాగితాలు, ఇరవై దాకా పాత ఫొటోలు, అందరూ చెప్పే మాటలు. చిక్కులు ఇవీ:

పింఛను కాగితంలో పుట్టిన తేదీ 1-7-1945. ఇంట్లో మాత్రం "పార్థివ నామ సంవత్సరం, మాఘ మాసం" అంటారు. ఏది వేయాలి?

"పదివేల కాన్పులు చేసింది" అని మామయ్యలు రాయమంటున్నారు. రాయొచ్చా?

హోదా "స్టాఫ్ నర్స్" అని ఒకరు, "హెల్త్ విజిటర్" అని ఒకరు అంటున్నారు.

సబ్‌సెంటర్_రిజిస్టర్

ముందు తేదీ. పార్థివ 1945 ఉగాదితో మొదలై 1946 ఉగాది ముందురోజుతో అయిపోతుంది. మాఘం ఆ సంవత్సరంలో పదకొండో నెల కాబట్టి ఇంగ్లీషు లెక్కలో 1946 ఫిబ్రవరి అవుతుంది. "పార్థివ అంటే 1945" అని వేసేయడం చాలామంది చేసే తప్పు. జనవరి నుంచి ఉగాది లోపు పుట్టినవాళ్ళందరికీ ఈ ఏడాది తేడా వస్తుంది. ఇక జులై 1 అన్నది బడిలో వేసిన తేదీ అయుంటుంది, ఆ తరంలో అది మామూలే. పుస్తకంలో ఇంట్లో చెప్పే తెలుగు సంవత్సరం, మాసం వేసి, "సర్వీసు రికార్డు ప్రకారం 1-7-1945" అని పక్కనే పెట్టండి. రెండూ ఉంటే ఎవరికీ పేచీ ఉండదు.

రిటైర్మెంటూ సరిపోతోంది. అప్పట్లో రిటైర్మెంట్ వయసు 58. అది నిండాక, ఒకటో తేదీన పుట్టినవాళ్ళు ముందు నెల ఆఖరి రోజున దిగేవారు. అంటే 30-6-2003. ఇది చదివే మిగతావాళ్ళకి ఒక మాట: ఆంధ్రప్రదేశ్‌లో 1983లో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించి, తర్వాత మళ్ళీ 58 చేశారు. మీ పెద్దవాళ్ళు ఆ మధ్యలో దిగి ఉంటే లెక్క మూడేళ్ళు తేడాగా కనిపిస్తుంది. రికార్డు తప్పనుకోకండి.

హోదా: ఏఎన్ఎం, స్టాఫ్ నర్స్ వేరు వేరు. స్టాఫ్ నర్స్ అంటే జనరల్ నర్సింగ్ చదివి ఆసుపత్రి వార్డులో చేసేవారు. ఏఎన్ఎంది సబ్‌సెంటర్ (ఊళ్ళోని ఆరోగ్య ఉపకేంద్రం), చుట్టూ ఊళ్ళు. తర్వాత ఆ పోస్టుకే ఎంపీహెచ్ఏ (మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్) ఫిమేల్ అని పేరు మారింది. ప్రమోషన్ వస్తే సూపర్‌వైజర్, పాత పేరు ఎల్‌హెచ్‌వీ, అంటే లేడీ హెల్త్ విజిటర్. కాబట్టి మీవాళ్ళలో "హెల్త్ విజిటర్" అన్నవారు చివరి హోదా చెబుతూ ఉండొచ్చు. పింఛను ఉత్తర్వులో రిటైరైనప్పటి హోదా ఉంటుంది, అది చూడండి. ఊళ్ళవాళ్ళకి మాత్రం ఆవిడ "నర్సమ్మ"నే. అట్ట మీద ఆ మాటే ఉంచండి, హోదా లోపల చాలు.

ఏ ఊళ్ళో ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది సర్వీసు రిజిస్టర్లో బదిలీల పేజీల్లో ఉంటుంది. అది ఆఫీసులో ఉండే కాగితం. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలో మామూలుగా అడగండి. కాదంటే సమాచార హక్కు దరఖాస్తు, జవాబుకి 30 రోజుల గడువు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం జతచేయండి. జిల్లాలు తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో విడిపోయాయి కాబట్టి పాత జిల్లా కేంద్రంలో ముందు వాకబు చేయండి. ఏడు నెలలంటే ఎక్కువ అనిపిస్తుంది, ఈ ఒక్క పనికే రెండు మూడు నెలలు పోతాయి.

పదివేల కాన్పులు: వద్దు. సబ్‌సెంటర్‌కి మైదానంలో ఐదువేల జనాభా, ఏజెన్సీలో (కొండ, గిరిజన ప్రాంతాల్లో) మూడువేలు. డెబ్బైల్లో వెయ్యిమందికి ఏడాదికి సుమారు 35 జననాలు, 2000 నాటికి 20 చుట్టూ. తొలి పదేళ్ళు ఆవిడ పరిధి పదివేల జనాభా అనుకున్నా, ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా ఆవిడ చేతిమీదే పుట్టినా ఏడువేలు దాటదు. అందులో మంత్రసానులు చేసినవి, పుట్టింటికి వెళ్ళినవి, పట్నం ఆసుపత్రివి తీసేయాలి. ఎంత అని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. "ఫలానా ఊళ్ళో ఫలానా వీధిలో మూడు తరాలు" అని రాస్తే అంకె లేకపోయినా నమ్ముతారు.

వడ్డాది_వేప

పై లెక్క బాగుంది. నేను చెప్పేది పని వివరాల గురించి. "నిస్వార్థ సేవ" అని పది సార్లు రాసేకంటే ఆవిడ చేతులు ఏం చేశాయో రాయండి. తోటి ఏఎన్ఎంలు, పాత మంత్రసానులు ఉంటే ఇవి అడగండి: గాజు సిరంజీలు ఎంతసేపు మరిగించేవారు, స్టవ్ ఎక్కడ పెట్టేవారు, కరెంటు లేని రాత్రి కాన్పుకి దీపం ఎవరు పట్టుకునేవారు. కాన్పులో ఐదు శుభ్రాలని నేర్పేవారు: చేతులు, పరిచిన చోటు, బ్లేడు, బొడ్డుకి కట్టే దారం, కోసిన బొడ్డు. పుట్టిన బిడ్డకి ధనుర్వాతం రాకుండా తల్లికి రెండు టీటీ ఇంజెక్షన్లు. కొత్త బొడ్డు మీద పేడ, బూడిద వేసే అలవాటు మాన్పించడం అన్నిటికంటే కష్టమైన పని. అత్తగార్లని ఎలా ఒప్పించారో అడిగితే ఒక పేజీకి సరిపడా దొరుకుతుంది.

టీకాల క్యారియర్‌లో నాలుగు ఐస్‌ప్యాక్‌లు, వేడి 2 నుంచి 8 డిగ్రీల మధ్య. డీపీటీ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం టీకా) గడ్డకడితే పారేయాలి, విప్పిన తట్టు టీకా వయల్ (మందు సీసా) నాలుగు గంటలు దాటితే పారేయాలి. పిల్లలు రాకపోతే వయల్ వృథా, వస్తే క్యూ. టీకాల రోజులైన బుధ, శనివారాలు ఆవిడ ఇంట్లో ఎందుకు ఉండేవారు కారో మనవలకి అప్పుడు అర్థమవుతుంది.

ఏళ్ళు సరిచూసుకోండి. సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో, పల్స్ పోలియో 1995లో మొదలయ్యాయి. "డెబ్బైల్లో పల్స్ పోలియో చుక్కలు వేసింది" అని ఎవరైనా అంటే అది రెండు జ్ఞాపకాలు కలిసిపోవడం. మశూచి మాట మాత్రం నిజం కావచ్చు, దేశంలో ఆఖరి కేసులు 1975లోవి.

పేషెంట్ల పేర్లు వేయకండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, లూప్ (గర్భం రాకుండా వేసేది), క్షయ, గర్భస్రావం, వీటిలో ఏదైనా సరే, చనిపోయినవాళ్ళదైనా సరే. ఊరు చిన్నదైతే పేరు తీసేసినా గుర్తుపడతారు, ఆ సంఘటనే వదిలేయండి.

అమ్మమ్మ భాగం సన్నబడుతుంది, చూసుకోండి. సర్వీసు కాగితాలు చేతిలో ఉంటాయి కాబట్టి పన్నెండు పేజీలు నర్సమ్మకే పోయి, చివర్లో అమ్మమ్మకి ఒక గ్రూపు ఫొటో మిగులుతుంది. మనవలందరికీ ఒకే షరతు పెట్టండి: 60 మాటలు, ఒకే ఒక్క విషయం, ప్రేమమూర్తి, త్యాగమూర్తి అనే మాటలు నిషేధం. వంటింట్లో వస్తువో, తిట్టో, జొరం చూసే పద్ధతో ఏదైనా. ఆవిడ రాత్రి కాన్పులకి వెళ్తే పిల్లలకి అన్నం పెట్టిందెవరో ఆ పేరు తప్పక వేయండి. సాధారణంగా మరిచిపోయేది వాళ్ళనే.

డీటీపీ_మూల

ఏ5 సైజు, 16 పేజీలు అంటే నాలుగు ఏ4 షీట్లు రెండు వైపులా, మధ్యలో పిన్ను. పేజీలు నాలుగు గుణిజంలోనే ఉండాలి, 18 కుదరదు. లోపలి కాగితం 100 జీఎస్ఎం (కాగితం బరువు కొలత), అట్ట 250. రెండు వందల కాపీల లోపు డిజిటల్ ప్రింటే మేలు.

మీరు ఫోన్లో టైపుచేసేది యూనికోడ్. పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడే షాపులో దాన్ని కన్వర్ట్ చేస్తారు, అక్కడే ఒత్తులు ఎగిరిపోతాయి. ఇంగ్లీషు అక్షరాలు చెత్తగా మారతాయి. ప్రూఫు కంప్యూటర్లో కాదు, కాగితం మీద చదవండి. ముఖ్యంగా పేర్లు, తేదీలు. ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేసి, వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగానే పంపండి.

మాఘపున్నమి

చాలా థ్యాంక్సండీ. ఆవిడ ట్రైనింగ్ బ్యాచ్ ఫొటో ఫ్రేములో గాజుకి అతుక్కుపోయింది. పీకితే వస్తుందా?

డీటీపీ_మూల

పీకొద్దు. మొహాల మీది పొర గాజుతో వచ్చేస్తుంది. గాజుని మెత్తటి గుడ్డతో పైన మాత్రమే తుడిచి, ఫ్రేముని కిటికీ పక్కన, వెలుగు పక్కనుంచి పడేలా నిలబెట్టండి. ఫోనుకి వెనక నల్లగుడ్డ పట్టుకుంటే మెరుపు పడదు. ఫ్లాష్ ఆపి పది ఫొటోలు తీసి, మంచిది వాడండి. బ్యాచ్ ఫొటో వెనక అట్ట మీద పేర్లు రాసి ఉండొచ్చు, వెనక రేకు విప్పి చూడండి.