లేబుల్ మీద "సేకరణ" అనే మాట

ప్రశ్న

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం నేలమాళిగలో, నేటి నైజీరియాలోని ఒకప్పటి బెనిన్ రాజ్యం నుంచి వచ్చిన ఇత్తడి ఫలకాల ముందు చాలాసేపు నిలబడిపోయాను. నిలువు కడ్డీలకు వరుసగా బిగించిన ఆ ఫలకాల మూలల్లో మేకులు దిగిన రంధ్రాలు ఇంకా కనిపిస్తున్నాయి. ఒకప్పుడవి రాజప్రాసాదపు స్తంభాలకు తాపడంగా ఉండేవట. 1897లో బ్రిటిష్ సేనలు దండెత్తి కొల్లగొట్టిన సొత్తును చూసి మురిసిపోవడం నాకు ఇబ్బందిగా అనిపించింది, కానీ చూసి ఉండకపోతే ఆ పోతపనివారి నేర్పు నాకు తెలిసేదే కాదు. చట్టం ఒప్పుకోదు కనుక తిరిగి ఇవ్వలేమని మ్యూజియం అంటున్నప్పుడు, అవి ఎలా వచ్చాయో దాచకుండా రాసి ప్రదర్శిస్తే సరిపోతుందా?

మొదటి జవాబు

చట్టం అడ్డుగా ఉన్నమాట నిజమే. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం ధర్మకర్తలు నకళ్లనో, పాడైపోయినవాటినో తప్ప దాదాపు దేన్నీ వదులుకోవడానికి వీలులేదు. దాని ఫలితం ఎంత వింతగా ఉంటుందో 2024లో చూశాం: 1874 యుద్ధంలో బ్రిటిష్ సేనలు తెచ్చుకున్నవాటితో సహా అసాంటే రాజ్యపు బంగారు వస్తువులను ఘానాలోని కుమాసీలో ఉన్న రాజప్రాసాద మ్యూజియానికి మూడేళ్ల గడువుతో ఎరువిచ్చారు. పోగొట్టుకున్నవాడే ఎరువు తెచ్చుకుని, గడువు తీరాక అప్పగించాలన్నమాట! అదే లండన్‌లో ఆ చట్టం వర్తించని హార్నిమన్ మ్యూజియం 2022లో 72 బెనిన్ వస్తువుల యాజమాన్యాన్ని నైజీరియాకు బదలాయించింది. జర్మనీ కూడా అదే ఏడాది ఒప్పందం చేసుకుని, కొన్నింటిని నైజీరియా సమ్మతితోనే బెర్లిన్‌లో ప్రదర్శిస్తోంది. ఫలకం గోడ మీదే ఉన్నా, అది ఎవరిదన్న ప్రశ్న అక్కడ తేలిపోయింది.

ఇక లేబుళ్ల సంగతి. "సేకరణలో చేరింది", "లభించింది" వంటి క్రియలకు కర్త ఉండడు. ఎవరు తీశారు, ఎవరి దగ్గర తీశారు అన్న రెండు ముక్కలు లేని లేబుల్ ఎంత పొడవున్నా నిజాయితీ గలదని నేను అనుకోను.

రెండో జవాబు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను, అయితే దండయాత్ర ఉదాహరణలు తీర్పు చెప్పడానికి తేలికైనవి. అమరావతి స్తూపాన్ని తీసుకోండి. దిబ్బను ఇటుకల కోసం మొదట తవ్వించింది స్థానిక జమీందారు మనుషులే. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. అక్కడ ఎవరూ తుపాకీ పేల్చలేదు. కానీ అనుమతి ఇచ్చేదీ, తరలించుకుపోయేదీ ఒకే ప్రభుత్వమైనప్పుడు ఆ అనుమతికి విలువెంత? దీన్ని లేబుల్ మీద ఏ క్రియతో రాయాలో నాకు నిజంగా తోచడం లేదు.

ఎవరికి ఇవ్వాలన్నదీ చిక్కే. 2023లో నైజీరియా అధ్యక్షుడు బెనిన్ వస్తువులకు యజమాని అక్కడి రాజైన ఓబా అని ప్రకటించగానే, ప్రజల మ్యూజియానికని ఇచ్చినవారు కొందరు తటపటాయించారు. ఇచ్చేసినవాడు ఆ తర్వాత ఎక్కడ పెట్టాలో కూడా తానే చెబుతానంటే అది ఇచ్చినట్టు కాదని నా అభిప్రాయం.

మూడో జవాబు

మనుషుల అవశేషాల దగ్గర మాత్రం ఎంత మంచి లేబులైనా చాలదు. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో కుదించిన మానవ శిరస్సులను ప్రదర్శన నుంచి తొలగించింది, ఎందుకంటే వివరణ ఎంత రాసినా సందర్శకులు వాటిని వింతగానే చూసి పోతున్నారని తేలింది. ఫ్రాన్స్‌లోని రువాన్ మ్యూజియం 2007లో ఒక మావోరీ శిరస్సును తిరిగి ఇవ్వబోతే, అది ప్రజల ఆస్తి అంటూ ప్రభుత్వమే ఆపింది. 2010లో అందుకోసం ప్రత్యేక చట్టం చేశాక, 2012లో ఇరవై శిరస్సులు న్యూజిలాండ్ చేరాయి. చట్టం ఒప్పుకోదన్న మాట విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నేను లేబుల్ గురించి అడిగాను గాని, అసలు అడగవలసింది యాజమాన్యం గురించని మొదటి జవాబు చదివాక అర్థమైంది. కుమాసీకి ఇచ్చిన గడువు తీరిన రోజున ఆ బంగారాన్ని మళ్లీ పెట్టెల్లో సర్దమని ఎవరు, ఏ ముఖంతో అడుగుతారో చూడాలని ఉంది.