జనవరిలో టోక్యో నుంచి బ్యాంకాక్‌కి ఎంతసేపు పడుతుంది?

అందరికీ నమస్కారం. ఈ రెండు ఊళ్ల మధ్య విమాన దూరం సుమారు 4,600 కిలోమీటర్లు. బ్యాంకాక్ నుంచి టోక్యోకి దాదాపు 6 గంటలే, తిరిగి రావడానికి మాత్రం 7 గంటల దాకా చూపిస్తోంది. పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో ఉండే బలమైన గాలి) ఎదురవుతుంది, చలికాలంలో దాని జోరు ఇంకా ఎక్కువ. అంతవరకు అర్థమైంది. ఈ ఎదురుగాలిని లెక్కేసుకునే టైమింగ్స్ ఇస్తారా, లేక జనవరిలో అంతకన్నా లేటవుతుందా?

అమ్మ ఒక్కతే వస్తోంది. బ్యాంకాక్‌లో దిగిన రెండున్నర గంటలకే ఇంకో విమానం, అదీ వేరే టికెట్ మీద. ఇమిగ్రేషన్ దాటి, బ్యాగులు తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. చలికాలంలో ఈ రూట్‌లో వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ టైమ్ సరిపోతుందో లేదో దయచేసి చెప్పండి. రెండో టికెట్ మార్చుకోవడానికి ఇంకా వీలుంది.