అప్‌డేట్: పెంటాక్స్ 6×7 మీటర్ ప్రిజమ్ బాగానే ఉంది, తప్పు నాదే

పోయిన నెల అడిగిన ప్రశ్న ఇది: నా పాత ఫిల్మ్ కెమెరా పెంటాక్స్ 6×7కి మీటర్ ఉన్న టీటీఎల్ ప్రిజమ్ (లెన్స్‌లోంచి వచ్చే వెలుతురును కొలిచే, పైన తగిలించే వ్యూఫైండర్) కొన్నాను, లెన్స్ మీద ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం సైజు) ఎంత తిప్పినా మీటర్ ముల్లు ఉన్నచోటే ఉంటోంది, ఈ ప్రిజమ్ నా బాడీకి సరిపడదా అని.

సరిపడుతుంది. నేను పెట్టిన వరుసే తప్పు. లెన్స్ ఉండగానే పైనుంచి ప్రిజమ్ తగిలించాను. అది టక్కుమని కూర్చుంది కాబట్టి అంతా అయిపోయిందనుకున్నాను. నిజానికి ముందు లెన్స్ తీసేయాలి, ప్రిజమ్ పెట్టాలి, ఆ తర్వాతే లెన్స్ బిగించాలి. లెన్స్ ఎపర్చర్ ఎంతో మీటర్‌కి చెప్పేది మౌంట్ (లెన్స్ బిగించే చోటు) చుట్టూ ఉండే సన్నటి గొలుసు. లెన్స్ చివర్లో బిగిస్తేనే దాని లంకె సరిగ్గా పడుతుంది.

అలా చేశాక గోడకేసి చూస్తూ ఎపర్చర్‌ని ఎఫ్8 నుంచి ఇంకా చిన్నదైన ఎఫ్11కి తిప్పాను. ముల్లు కిందికి జారింది! చిన్నపిల్లాడిలా పదిసార్లు తిప్పి చూశాను. చేతి మీటర్‌తో పోల్చితే తేడా అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) లోపే.

ఎవరో గొలుసు తెగిపోయి ఉంటుందన్నారు. పాత బాడీల్లో అది నిజంగా తెగుతుంది, కాబట్టి ఆ అనుమానం తప్పేమీ కాదు. నాది తెగలేదు, అదృష్టం. తెగినా ప్రిజమ్ చూడటానికి పనికొస్తుంది, రీడింగ్‌ని మాత్రం నమ్మలేం.

ఇంకో సంగతి: 1998లో వచ్చిన 67II (ఇదే వరుసలో తర్వాతి మోడల్) కోసం చేసిన ఏఈ (ఆటో ఎక్స్‌పోజర్) ప్రిజమ్ దానికే. చవగ్గా దొరికిందని మన 6×7కి కొనకండి.

రేపు మొదటి ఫిల్మ్ రోల్ వేస్తున్నాను.