ఎర్ర రంగు నింపిన చోటే ఉబ్బింది, లేజర్‌కి పంపొచ్చా?

సూదిరంగు, నారాయణగూడ:
ఒక కస్టమర్‌కి ముంజేతి మీద గులాబీ టాటూ వేసి ఏడు నెలలైంది. మంచిగనే మానింది. ఇప్పుడు రేకుల్లో ఎర్ర రంగున్న చోటు మాత్రం గట్టిగ పైకి లేచింది, ఎండల తిరిగొస్తే దురద ఎక్కువైతుందంట. ఆకుల పచ్చకి, నల్ల అవుట్‌లైన్‌కి ఏం కాలే. చీము లేదు, జ్వరం లేదు. వారం రోజులు సెట్రిజిన్ వేసుకున్నా కొంచెం గూడ తగ్గలే. "అన్నా, లేజర్‌తోని మొత్తం తీసేయించుకుంట" అంటుండు. పంపొచ్చా? ఇంకోటి, వేసేముందు పడుతదో లేదో అని చెవి వెనక అదే ఇంకు చుక్క పెట్టి వారం చూసినం, అప్పుడేం రాలే. మరి ఇప్పుడెట్ల వచ్చింది?

చర్మంఓపీ:
లేజర్ ముందు ఆపించండి. టాటూ తీసే క్యూ-స్విచ్డ్ లేజర్ రంగు రేణువుల్ని పొడి చేస్తుంది, ఆ పొడి లింఫ్ దారిలో ఒళ్లంతా తిరుగుతుంది. ఆ రంగు పడని మనిషికి ఒళ్లంతా దద్దుర్లు లేవొచ్చు, అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ, వచ్చిన కేసులూ ఉన్నాయి.

మీరు చెప్పింది ఎర్ర రంగుకి ఆలస్యంగా వచ్చే అలర్జీలాగే ఉంది. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా వస్తుంది. ఇందులో పని చేసేది టి-కణాలు (రక్షణ చేసే తెల్ల కణాలు), హిస్టమిన్ కాదు. అందుకే హిస్టమిన్‌ని మాత్రమే ఆపే సెట్రిజిన్‌కి లొంగలేదు.

చర్మ డాక్టరు ఉబ్బిన ఎర్ర భాగంలోంచి 3 లేదా 4 మి.మీ. పంచ్ బయాప్సీ (పరీక్షకి చిన్న చర్మం ముక్క) తీయాలి. ఈ ఉబ్బులో లైకెనాయిడ్, గ్రాన్యులోమా, సూడోలింఫోమా అని రకాలున్నాయి, మూడూ పైకి ఒకేలా కనబడతాయి. గ్రాన్యులోమా అని తేలితే సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తులు, కళ్లలాంటి చోట్ల కూడా ఇలాంటి గడ్డలు కట్టే జబ్బు) కోసం ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు, కళ్లు ఎర్రబడటం, చూపు మసకబారడం ఉన్నాయా అని అడుగుతారు. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల చర్మ విభాగాల్లో చూపించుకోవచ్చు.

మందు సాధారణంగా క్లోబెటసాల్ 0.05% స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌తో మొదలవుతుంది, కొన్ని వారాలు, డాక్టరు చూస్తుండగానే. దళసరి గడ్డలోకి పూత దిగదు. దానికి ట్రయామ్సినోలోన్ 10 మి.గ్రా./మి.లీ. స్టెరాయిడ్ ఇంజెక్షన్ గడ్డలోకే, సుమారు నాలుగు వారాలకోసారి. మోతాదు మించితే గుంట పడుతుంది, తెల్లమచ్చ వస్తుంది, మన ఛాయకి అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రంగు లోపలే ఉంటుంది కాబట్టి మందు ఆపితే మళ్లీ లేవొచ్చు. అప్పుడు ఆ ముక్క కోసి తీయడమో, పైపొర చెక్కడమో. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో రంగున్న పొరనే కాల్చి తీసేస్తారు, అది వేరే లేజర్. మచ్చ మాత్రం మిగులుతుంది.

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు పూయనివ్వొద్దు. ఈ ఊర్లో సగం చర్మాలు దానితోనే పాడవుతున్నాయి.

రంగులకెమిస్ట్, నాచారం:
చుక్క టెస్టు సంగతి. ఎర్ర రేణువు నీళ్లలో కరగదు. ఎండకీ, ఒంట్లో ఎంజైములకీ అది మెల్లగా విరిగి, ఆ ముక్కలు ప్రొటీన్లకి అతుక్కున్నాకే అలర్జీ పుడుతుందని అనుకుంటున్నారు. వారంలో అది తేలదు. వీపు మీద చేసే ప్యాచ్ టెస్టు కూడా చాలాసార్లు నెగటివే వస్తుంది, మే నెలలో అయితే చెమటకి పట్టీయే ఊడొస్తుంది.

పూర్వం ఎరుపంటే ఇంగిలీకం, అంటే పాదరసం ఉన్న ఖనిజం. కాడ్మియం పసుపు ఎండకి ఉబ్బేది. ఇప్పుడు ఎక్కువగా అజో అనే కృత్రిమ రంగులు: పిగ్మెంట్ రెడ్ 22, 170, 210. సీసా మీద సి.ఐ. (కలర్ ఇండెక్స్, రంగు గుర్తింపు) నంబరు చూడండి, 12475 అంటే రెడ్ 170. "ఆర్గానిక్" అంటే కార్బన్ రసాయనమని అర్థం, బీట్‌రూట్ రసం కాదు. "వీగన్" అన్నది జంతు పదార్థం లేదని మాత్రమే చెబుతుంది. యూరప్‌లో 2022 జనవరి 4 నుంచి ఇంకుల్లో వేల రసాయనాలకి పరిమితులు పెట్టారు, బ్లూ 15:3, గ్రీన్ 7 అనే రెండు రంగులకి ఇంకో ఏడాది గడువిచ్చారు. ఆ నిబంధనల ప్రకారమే ఉందని అమ్మేవాడంటే, బ్యాచ్ నంబరుతో ల్యాబ్ రిపోర్టు అడగండి. నంబరే లేని సీసా అయితే వాడకండి.

సూదిరంగు:
సమజైంది సార్. నల్ల షేడింగ్‌ల, అదీ బూడిద రంగు చోటే, చిన్న చిన్న గుల్లలొస్తే గూడ ఇదేనా?

చర్మంఓపీ:
రెండు మూడు వారాల్లోపే వచ్చిందా? అయితే ముందు అనుమానించాల్సింది ఇన్ఫెక్షన్. మైకోబ్యాక్టీరియం చెలొనే నీళ్లలో ఉండే క్రిమి. 2011లో న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో 19 మందికి సోకింది, ముందే నీళ్లు కలిపి అమ్మిన బూడిద ఇంకు వల్ల. స్టెరాయిడ్ పూస్తే ముదురుతుంది. బయాప్సీ ముక్కని మైకోబ్యాక్టీరియా కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్షకి) కూడా పంపమని చెప్పాలి, మామూలు చీము కల్చర్‌లో దొరక్కపోవచ్చు. తేలితే యాంటీబయాటిక్స్ నెలల తరబడి.

ఇంకు పలచన చేయడానికి ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు, డిస్టిల్డ్ నీళ్లు ఏవీ పనికిరావు. సీల్ తీయని స్టెరైల్ వాటర్ ఆంప్యూల్ వాడండి, మిగిలింది పారబోయండి.

రంగులకెమిస్ట్:
అన్నా, ఆ అబ్బాయి చేతికి చీటీ ఇచ్చి పంపండి: ఇంకు కంపెనీ, రంగు పేరు, సి.ఐ. నంబరు, బ్యాచ్, వేసిన తేదీ, లేబుల్ ఫోటో. ఎరుపు రెండు సీసాలు కలిపి వేసుంటే రెండూ రాయండి. సీసాలో రంగు మిగిలుంటే పారేయకుండా మూతపెట్టి పక్కన ఉంచండి.