పదో తరగతి గ్రాఫులు: ప్యానెల్ మీదా, నల్లబల్ల మీదా?

గణితం_ఎస్ఏ:
ఆంధ్రప్రదేశ్‌లో బడుల ఆధునికీకరణ పథకం నాడు-నేడు కింద హైస్కూళ్లకు ఐఎఫ్‌పీలు (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ ప్యానెళ్లు) వచ్చాయి కదా. ఇంకా వర్గ బహుపది గ్రాఫుకు పీరియడ్లకు పీరియడ్లు సుద్దముక్కతో ఎందుకు గడపాలి? ఎక్స్² − 3ఎక్స్ − 4 నే తీసుకోండి. గ్రాఫులు గీసే యాప్ జియోజీబ్రాలో ఎక్స్² గుణకానికి స్లైడర్ (జరిపితే విలువ మారే మీట) పెట్టి, మిగతావి అలాగే ఉంచి జరపండి. 1 దగ్గర పైకి తెరుచుకున్న వక్రం 0 దగ్గర సరళరేఖ అవుతుంది, రుణాల్లోకి వెళ్తే కిందికి తిరుగుతుంది. −9/16 దగ్గర ఎక్స్ అక్షాన్ని తాకి, అది దాటితే అక్షాన్ని వదిలేస్తుంది. శూన్యాలు (గ్రాఫు ఎక్స్ అక్షాన్ని కలిసే చోట ఎక్స్ విలువలు) రెండు, ఒకటి, అసలు లేకపోవడం అన్నీ ఒక నిమిషంలో కనిపిస్తాయి. నల్లబల్ల మీద దీనికి ఎన్ని గ్రాఫులు గీస్తారు?

సుద్దముక్క:
కనిపిస్తాయి, నిజమే. గీయడం వస్తుందా? అదే గ్రాఫుకు −2 నుంచి 5 వరకు విలువలు వేయించండి: 6, 0, −4, −6, −6, −4, 0, 6. ఎక్స్ 1, 2 దగ్గర రెండూ −6. పిల్లలు ఆ రెండు బిందువుల్నీ స్కేలుతో కలిపేస్తారు, వక్రానికి అడుగున పీట వేసినట్టుంటుంది. ప్యానెల్ వక్రాన్ని మొత్తంగా ఒక్కసారే గీసేస్తుంది కాబట్టి ఈ తప్పు అక్కడ పుట్టదు, పరీక్షలో పుడుతుంది. చేత్తో గీయించినప్పుడే అడగగలం: శూన్యాలు −1, 4 కదా, మధ్యలో ఏముంది? 1.5. అక్కడ విలువ? −6.25. ఆ తొమ్మిదో బిందువు పెట్టాక పీట పోతుంది.

బ్యాక్‌బెంచ్:
బల్ల మీద మాస్టారు గీసే వక్రమే వంకరగా ఉంటుంది. దాన్ని చూసి పిల్లలేం నేర్చుకుంటారు?

సుద్దముక్క:
గళ్లు లేకుండా గీస్తే వంకరే. నిలువున −7 నుంచి 6 వరకు 13 గళ్లు కావాలి. గడికి 10 సెం.మీ. తీసుకుంటే 130 సెం.మీ. అవుతుంది, 4 అడుగుల బల్ల చాలదు. 8 సెం.మీ. పెట్టుకోండి, 104తో సరిపోతుంది. కాగితం మీదైతే చెయ్యి వక్రం లోపలివైపు ఉండేలా కాగితాన్ని తిప్పి, మూడేసి బిందువులు కలుపుతూ పోవాలి. బయటివైపు నుంచి గీస్తే మణికట్టు అడ్డుపడి కోణాలొస్తాయి.

గణితం_ఎస్ఏ:
మళ్లీ ఆ పీట దగ్గరే ఆగారు! స్లైడర్ గురించి నేనడిగిన దానికి జవాబేది? కొత్త పరికరం ముట్టుకోవడం ఇష్టంలేక దానికి సిద్ధాంతం కడుతున్నారు.

సుద్దముక్క:
ఇష్టం గురించి మాట్లాడకండి సర్. తనిఖీకి వచ్చినవారు ప్యానెల్ ఎంతసేపు వాడారని అడుగుతారు, పిల్లల గ్రాఫు నోటు తెరవరు. ప్యానెల్ ఆన్ చేసి వీడియో పెట్టిన పీరియడ్ లెక్కలోకి వస్తుంది. నలభై మంది గ్రాఫులు దిద్దిన పీరియడ్ ఏ లెక్కలోకీ రాదు. నా గొడవ మీ స్లైడర్‌తో కాదు, దీనితో.

పల్లెబడి_టీచర్:
ఆ మాట మొదటే అనాల్సింది మాస్టారూ. నోట్లు చూడాలన్నది న్యాయమైన డిమాండే, దానికోసం స్లైడర్ మానక్కర్లేదు. వరుస మార్చండి: మొదటి పీరియడ్ పట్టిక, కాగితం, 1.5. రెండో పీరియడ్ మొదటి పది నిమిషాలు స్లైడర్. అప్పటికి వక్రం ఎక్కడ తిరుగుతుందో పిల్లలకు తెలుసు కాబట్టి జరిపేముందే చెప్పమనవచ్చు. యాప్ ముందే ఎక్కించి ఉంచుకోండి, నెట్ లేకపోయినా నడుస్తుంది. రెండు అక్షాల స్కేలు 1:1కి లాక్ చేయండి. లేదంటే ఎవరి వేలు తగిలినా ఒక అక్షం సాగి, అదే వక్రం వేరే ఆకారంలో కనిపిస్తుంది.

గణితం_ఎస్ఏ:
వరుసకు ఒప్పుకుంటా. పది నిమిషాలు చాలవు. రుణ గుణకం దగ్గరే ఐదు పోతాయి.

సుద్దముక్క:
అయితే ఆ ఐదూ నా పీరియడ్‌లోంచి తీయకండి.