టీమ్‌లో అందరికీ ప్రజెంటేషన్ అలవాటు చేయడం ఎలా? మీ అనుభవాలు చెప్పండి

మధురవాడ టెస్టర్
రుషికొండ ఐటీ హిల్స్‌లో పని చేస్తున్నాను. టీమ్‌లో తొమ్మిదిమందిమి. పనిలో ఎవరికీ వంక పెట్టలేం, కానీ క్లయింట్‌కి డెమో అనగానే అందరూ నా వైపే చూస్తారు. పోయిన నెల నాకు జ్వరం వచ్చి సెలవు పెడితే, మా టీమ్ అమ్మాయి డెమో ఇచ్చింది. తను మూడు నెలలు కష్టపడి చేసిన మాడ్యూల్‌ని రెండు నిమిషాల్లో ముగించేసింది. ప్రశ్నలు అడిగితే "కనుక్కుని చెప్తాం" అంది. వాటన్నిటికీ జవాబులు తనకి తెలుసు. ఆ సంగతి విన్నప్పటి నుంచి మనసు బాగోలేదు, ఇన్నాళ్లూ నేనే మాట్లాడి వాళ్లకి అవకాశం లేకుండా చేశానేమో అని. ఒకరోజు ట్రైనింగ్ పెట్టించాం. వారం తిరిగేసరికి మళ్లీ మామూలే. మీ ఆఫీసుల్లో ఏం చేశారు?

గాజువాక షిఫ్ట్ ఇన్‌ఛార్జ్
మాది ప్లాంటు అండి, స్లైడ్లు ఉండవు. షిఫ్ట్ ఎక్కే ముందు ఐదు నిమిషాలు టూల్‌బాక్స్ టాక్ ఉంటుంది: ఇవాళ పని ఏంటి, ప్రమాదం ఎక్కడ ఉంది, ఏమేం వేసుకోవాలి. ఇదివరకు రోజూ నేనే చెప్పేవాణ్ణి, అందరూ తలూపేవారు. తర్వాత వంతులు వేశాం, రోజుకొకరు. ఫిట్టర్ ఒకాయన మొదటిసారి కాగితం చూసి చదివాడు, ముందు వరసకే వినపడలేదు. రెండోసారి ఆ కాగితం నేను తీసేసుకుని, "నిన్న గార్డు లేని గ్రైండర్ చూశావు కదా, అది చెప్పు చాలు" అన్నాను. చేతులు తిప్పుతూ, ఎక్కడ నిలబడి చూశాడో, నిప్పురవ్వలు ఎటు పడుతున్నాయో అన్నీ చెప్పాడు. మీ అమ్మాయికి కూడా "మాడ్యూల్ గురించి మాట్లాడు" అనకండి. ఏ బగ్ దగ్గర ఎన్ని రోజులు ఇరుక్కుందో చెప్పమనండి.

సిరిపురం శ్రోత
నేను నాలుగేళ్లుగా టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌కి వెళ్తున్నాను. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇక్కడ లెక్చర్ ఉండదు, అందరూ మాట్లాడాలి, విన్నవాళ్లు అభిప్రాయం చెప్పాలి. అప్పటికప్పుడు ఇచ్చే అంశం మీద ఒకటి రెండు నిమిషాలు, సిద్ధమై వచ్చే ప్రసంగానికైతే మామూలుగా ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఐదుకి పచ్చ, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు రంగు చూపిస్తారు.

మా ఆఫీసులో బుధవారం అరగంట ఇదే చేస్తున్నాం. మూడు రంగుల చార్టు ముక్కలు చాలు, ఖర్చేమీ లేదు. విన్నవాళ్లు "బాగుంది" అని వదిలేయకూడదు. బాగున్న ఒక మాట ఏదో, మార్చుకోవలసిన ఒక విషయం ఏదో చెప్పాలి. ఒక పొరపాటు మాత్రం చేశాం. "అంటే", "సో", "బేసిక్‌గా" ఎన్నిసార్లు అన్నారో మొదటి వారం నుంచే లెక్కపెట్టాం. అసలే బిడియంగా ఉండేవాళ్లు ఇంకా ముడుచుకుపోయారు. ఆ లెక్క రెండు మూడు నెలల తర్వాత మొదలుపెట్టండి.

శ్రీకాకుళం అమ్మాయి
నేను మీ టీమ్ అమ్మాయిలాంటిదాన్నే. పదో తరగతి వరకు తెలుగు మీడియం. పాత ఆఫీసులో నా ఇంగ్లీషు విని ఒకరు నవ్వారు, ఆ తర్వాత ఏడాదిపాటు మీటింగుల్లో నోరు విప్పలేదు. ఇప్పటి లీడ్ మేడం "ముందు తెలుగులో నాకు చెప్పు" అన్నారు. అలా చెప్తుంటే నాకే తెలిసింది, విషయం నా దగ్గర వరసగా ఉంది, ఇంగ్లీషు దగ్గరే ఆగుతున్నానని. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం ఇంగ్లీషులో కంఠతా పట్టాను. మొదటి నిమిషం దాటితే టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. అన్నయ్యా, ఒక్కటే అడుగుతున్నాను, తన గ్రామర్ అందరి ముందూ సరిచేయకండి.

భీమిలి మాస్టారు
ప్రశ్నల భయానికి మన దగ్గరే ఒక మందుంది. అష్టావధానంలో అవధానిని ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది ఉంటారు. అవధాని పద్యానికి ఒక్కో పాదం చొప్పున చెప్తూ నాలుగు ఆవృత్తులు, అంటే నాలుగు చుట్లు, నడుపుతుంటే, అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఏవో సంబంధం లేని ప్రశ్నలతో అడ్డుపడుతూనే ఉంటాడు. అవధాని ఆయనకి నవ్వుతూ జవాబు చెప్పి, వదిలిన చోటికే తిరిగొస్తాడు. మీ రిహార్సల్‌లో ఒకరికి ఆ పని అప్పగించండి. "ఖర్చెంత?", "పాత పద్ధతికేం తక్కువ?" అని మధ్యలో అడగాలి. మా కాలేజీ పిల్లలతో చేయించాను. జవాబు చెప్పడం వాళ్లకి తొందరగానే వచ్చింది, తిరిగి దారిలోకి రావడమే ఆలస్యమైంది. అందుకే ఆపిన చోట స్లైడ్ నంబరు చీటీ మీద రాసుకోమన్నాను.

పరవాడ ల్యాబ్
ఇద్దరు ముగ్గురు కలిసి చేసేటప్పుడు ఒకరి నుంచి ఇంకొకరికి మారే మాట కూడా ప్రాక్టీస్ చేయండి. మా ఆడిట్‌లో అక్కడే తడబడ్డాం. ఏసీ హోరు ఉంటే వెనక కుర్చీలో ఒకర్ని కూర్చోబెట్టి, వినపడకపోతే చెయ్యెత్తమనండి.

మధురవాడ టెస్టర్
అందరికీ కృతజ్ఞతలు. ఐదు వారాలు అయింది. బుధవారం అరగంట మొదలుపెట్టాం, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. అప్రస్తుత ప్రసంగం నా వంతు వచ్చినప్పుడు గట్టిగానే అడ్డుపడ్డాను. మా అమ్మాయి పేమెంట్ బగ్ వెంట పదకొండు రోజులు ఎలా తిరిగిందో ఆరు నిమిషాలు చెప్పింది, ఎవరూ ఫోన్ చూడలేదు. గురువారం క్లయింట్ డెమో తనదే. మధ్యలో ఆగిపోతే నేను అందుకోవచ్చా?

శ్రీకాకుళం అమ్మాయి
వెంటనే అందుకోకండి అన్నయ్యా. మీకు చాలాసేపు ఆగినట్టు అనిపిస్తుంది కానీ తను మాట వెతుక్కుంటూ ఉంటుంది. మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ తను మీ వైపు చూస్తే, జవాబు మీరు చెప్పేయకుండా "ఆ పదకొండు రోజుల సంగతి చెప్పు" అని గుర్తుచేయండి.